వదిన దిగిన కుర్చీ

కోరుట్ల పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల పెద్దలకు, అక్కలకు, చెల్లెళ్లకు తెలియజేయునది ఏమనగా, మా వాడకట్టులో ఒక కమోడ్ కుర్చీ ఖాళీ అయినది. నాలుగు కాళ్లు గట్టిగా ఉన్నవి. రెండు చేతులు ఉన్నవి. నడుమ ఉండవలసిన రంధ్రం మాత్రం ఒక చెక్క పలకతో మూయబడి ఉన్నది. మోకాలు ఆపరేషన్ అయినవారు గానీ, కానున్నవారు గానీ వచ్చి తీసుకుపోగలరు. ఊరికే ఇస్తాము. కడిగి ఇస్తాము.

ఈ ప్రకటన నేను ఆటోకు మైకు కట్టుకుని ఊరంతా తిరిగి చెప్పవలసింది. నా పని అదే. బట్టల దుకాణంలో సేల్, తప్పిపోయిన మేక, నల్లా నీళ్లు రాని రోజు, అన్నీ నా గొంతుతోనే కోరుట్లకు తెలుస్తాయి. ఈ ఒక్కటి చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఆ కుర్చీ ఖాళీ అయింది మా వదిన చనిపోయినందుకు. పొద్దున లేచి, చాయ్ తాగి, గడప మీద కూర్చుని తల దువ్వుకుంటూ దువ్వుకుంటూ పక్కకు ఒరిగింది. గుండె ఆగిందన్నారు. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

కర్మ అయిపోయాక మా అన్న ఆ కుర్చీని ఇంట్లోంచి ఎత్తుకొచ్చి నా ఆటో పక్కన పెట్టాడు.

"దీన్ని ఎవలకన్న ఇచ్చెయ్‌రా. నాకు సూడబుద్ధి అయితలేదు."

"సరే అన్న. అందరికి చెప్త."

"మైకుల చెప్పకు," అన్నాడు. అని, నా ముఖం చూడకుండా లోపలికి పోయాడు.

మైకులో ఎందుకు చెప్పొద్దన్నాడో మా వాడకట్టులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మీకు తెలియదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మా వదినది సిరిసిల్ల. మగ్గం నేసే ఇంటి పిల్ల. ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నేను ఏడో తరగతి. కొన్నాళ్లకు బడి మానేశాను. మా నాయన నన్ను వాకిట్లో నిలబెట్టి కొడుతుంటే వదిన వచ్చి అడ్డం నిలబడలేదు. కోడళ్లు అలా అడ్డం రాకూడదు. ఆయన అలసిపోయి కూర్చున్నాక, నా ముందు తునికాకు కట్ట ఒకటి పెట్టి, కత్తెర చేతికిచ్చింది.

"బడికి పోనోడు ఆకన్న కత్తిరియ్యాలె గద. కూసో."

అట్లా నేను ఆడవాళ్ల వరుసలో చివరన కూర్చున్నాను. మా వాడకట్టులో ఇంటింటికీ బీడీల పని. ఇంటి పనులయ్యాక ఆడవాళ్లంతా మా అరుగు మీదికి చేరేవాళ్లు. చాపల మీద కాళ్లు ముడుచుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, అందులో ఆకు, తంబాకు, దారపు ఉండ. మధ్యాహ్నమంతా మోకాలు మోకాలు తగులుతూ ఒకే వరుసగా కూర్చుని చుట్టేవాళ్లు. సాయంత్రం చాటలు ఎత్తుకుని కార్ఖానాకు పోయి అప్పజెప్పి వచ్చేవాళ్లు. మాటలన్నీ ఆ చాటల ఎత్తులోనే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోయేవి. నేను ఆకు కత్తిరిస్తూ, బీడీలు లెక్కపెట్టి తీసుకునే కార్ఖానా టేకేదారు ఎట్లా నడుస్తాడో, మా బడి పంతులు ఎట్లా తుమ్ముతాడో చేసి చూపేవాణ్ని. అరుగంతా నవ్వేది. వదిన నవ్వితే బీడీ వదులైపోయేది. దాన్ని విప్పి మళ్లీ చుట్టేది.

"నువ్వు సప్పుడు జెయ్యకుంటె నాకు ఇంకో కట్ట ఎక్కువయితది. కని చెయ్యి. మల్లొకసారి తుమ్ము."

నేను ఇవాళ మైకు పట్టుకుని ఎన్ని వేషాలు వేసినా, నా గొంతుకు దొరికిన మొదటి జనం ఆ అరుగు మీది వాళ్లే. వాళ్ల ముందు నన్ను కూర్చోబెట్టింది వదినే.

మా దిక్కు మరిది వదినను ఎకసెక్కమాడకుండా ఉంటే ఆ ఇంట్లో ఏదో కోపం ఉందనే అనుకుంటారు. నా వల్ల మా ఇంటికి అటువంటి చెడ్డపేరు ఎన్నడూ రాలేదు. వదిన కూర వండితే పొరుగింటి కుక్కకు పథ్యం చెప్పేవాణ్ని. కొత్త చీర కట్టుకుంటే ఏ జెండా పండుగ అని అడిగేవాణ్ని. ఆమె కూడా తక్కువ తినలేదు. మగ్గాలు మూతపడి మా దిక్కు మగవాళ్లు భీవండికి, దుబాయికి, మస్కట్‌కు పోతున్న ఏళ్లవి. ముందు మా అన్న మస్కట్ పోయాడు. తర్వాత నేను దుబాయి పోయాను. అన్న అక్కడే ఉండిపోయాడు. నేను క్యాంపులో ఎండకు తట్టుకోలేక ఏడాది తిరగకముందే చెప్పులు లేకుండా ఇంటికొచ్చిపడ్డాను. వదిన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "దుబాయి మంచి ఊరే. నిన్ను గింత తొందర గుర్తువట్టి తోలేసింది," అంది.

ఆమెకు మోకాలి నొప్పి ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. తెలుసుకోవలసినవాణ్ని. పొయ్యి మీద ఉప్పు వేడి చేసి గుడ్డలో మూటకట్టి మోకాలికి పెట్టుకోవడం చూశాను. గోడ పట్టుకుని లేవడం చూశాను. చూసి, ఆమె లేచినప్పుడల్లా నోటితో పాత తలుపు కిర్రుమన్నట్టు చప్పుడు చేసేవాణ్ని. ఆమె అడుగు వేస్తే కిర్రు, ఇంకో అడుగు వేస్తే కిర్రు. అరుగు మీద అందరూ నవ్వేవాళ్లు.

ఒకరోజు సాయంత్రం కార్ఖానాకు పోవడానికి చాట చంకనపెట్టి లేవబోయి, సగం లేచి, సగం కూర్చుని అట్లాగే ఆగిపోయింది. నేను ఆటో ఆపి చూస్తున్నాను.

"ఏంది వదినె, ఫోటో దిగుతున్నవా? ఇంకొంచెం గదువ లేపు."

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వబోయింది. అప్పుడు చూశాను, ముఖమంతా చెమట. కాలు చాపలేకపోతోంది, ముడవలేకపోతోంది. మధ్యలో పట్టేసింది. నేనూ ఎదురింటి అక్కా చెరోపక్క పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాం.

జగిత్యాల తీసుకుపోయాం. కథలాపూర్‌లో ఇచ్చిన ఆమె బిడ్డ కూడా వచ్చింది. డాక్టరు స్కానింగ్ చేయించి, ఆ నల్లని ఫిల్మ్‌ను వెలుతురుకు పెట్టి నింపాదిగా చెప్పాడు.

"తొడ బొక్కకు, పిక్క బొక్కకు నడుమ మెత్తగ గుజ్జు ఉంటదమ్మ. నీది చానా అరిగింది. అండ్ల ఒక ముక్క చినిగి నడుమల ఇరుక్కున్నది. తలుపు సందుల బట్ట ఇరికితె తలుపు పడదు సూడు, గట్ల. వయసుల ఉన్నోళ్లకైతె కుట్లేస్తం, కొత్త గుజ్జు పెరిగేటట్టు గూడ చేస్తం. నీ వయసుల కుట్టినా అతుకుతదని నమ్మకం లేదు. చిన్నచిన్న రంధ్రాలు పెట్టి ఇరికిన ముక్క తీసేస్త. కాలు పట్టేసుడు పోతది. నొప్పి మొత్తం పోతదని మాత్రం నేను చెప్ప."

"కింద కూసోవచ్చునా సారు?" అంది వదిన. అదొక్కటే అడిగింది.

"వద్దు. ఉన్న కొంచెం గుజ్జును కాపాడుకోవాలె. కింద కూసునుడు బంద్. లెట్రిన్‌ల గూడ కుర్చీ పెట్టుకో. తొడ గట్టిపడేటట్టు కసరత్తు జెయ్యి. మంచిగ చూసుకుంటె గీ మోకాలే ఇంకా కొన్నేండ్లు ఎల్తది. లేకుంటె మొత్తం చిప్పనే మార్చాలె."

"కింద కూసోకుంటె బీడీలెట్ల సుట్టాలె సారు?"

డాక్టరు నా వైపు చూశాడు, నేను జవాబు చెబుతానన్నట్టు. నేను ఆ ఫిల్మ్ తీసి కవర్లో పెట్టాను.

ఆ నెలల్లో మా అన్న మస్కట్‌లో ఇరుక్కుని ఉన్నాడు. పనిచేసే కంపెనీ మూతబడింది, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. ఫోన్ చేస్తే అన్న మాట కంటే నిట్టూర్పే ఎక్కువ వినబడేది. ఇంట్లో పొయ్యి వదిన చాట మీదనే వెలుగుతోంది. కాలు నొప్పి ఆమెకు భయం కాదు. ఆ చాట ముందు మళ్లీ కూర్చుంటుందా లేదా, అదే భయం.

ఆపరేషన్ రోజు నా ఆటోలోనే బయలుదేరాం. ఊరు దాటాక వెనక నుంచి నా భుజం తట్టింది.

"ఆటో మలుపు. నేను రాను."

"ఎందుకు రావు?"

"గిప్పుడు నొప్పితోనన్న కూసుంటున్న. కోసినంక గదీ లేకుంటయితె?"

అప్పుడు నా నోట్లో సిరిసిల్లామె పుట్టింది.

"వదినె, సిరిసిల్లల ఒకామెకు గిదే ఆపరేషన్ అయింది. నీ వయసే. మొన్న బతుకమ్మ ఆడిందట."

"సిరిసిల్లలనా? ఎవలు?"

నాలుక కరుచుకున్నాను. ఆమె పుట్టిందే సిరిసిల్ల. జగిత్యాల అన్నా, ధర్మపురి అన్నా సరిపోయేది.

"నీకు ఎరుకలేదు తియ్యి."

"సిరిసిల్లల నాకు ఎరుకలేనోళ్లు ఎవలున్నరు? ఏ వాడకట్టు?"

"ఆమె గా ఊరామె కాదు. ఎల్లారెడ్డిపేట కెల్లి కొత్తగ అచ్చింది. మరమగ్గాల కాడ కండెలు చుడ్తది."

"పెనిమిటి?"

"లేడు."

"అయ్యో. ఎట్ల పోయిండు?"

"గట్ల పోలే. మస్కట్ పోయిండు."

"అయితె ఉన్నట్టే గద."

"గంత మటుకు ఉన్నట్టే."

అద్దంలో చూస్తే వదిన చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"సరే. నడువు," అంది.

ఆపరేషన్ బాగానే అయింది. తెల్లారే లేపి నిలబెట్టారు. కాలు పట్టేయడం పోయింది. బయటికి వచ్చాక వదిన నన్ను దగ్గరికి పిలిచి, ఆ గుజ్జు ముక్క చూశావా అని అడిగింది. చూశానన్నాను. ఎంతుందంటే, చింతగింజంత ఉందన్నాను. "గంతది నన్ను ఇంత గోస పెట్టిందా? నీ అంత లేదు, నీ కన్న తిప్పలు పెట్టింది," అని నా చెవి మెలేసింది.

ఇంటికి వచ్చాక సిరిసిల్లామె మాతోనే ఉండిపోయింది. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి అదిమి పట్టాలి, కాలు చాపి పైకి లేపి ఆపాలి, అదీ కసరత్తు. వదినకు విసుగు. నేను ఆటో ఆపి గడపలోకి తొంగి చూస్తే మొదటి మాట అదే.

"సిరిసిల్లామె ఇయ్యాల కాలు ఎంత లేపింది?"

"గోడ గడియారం దాక."

"అబద్ధం. గంత లేపితె మనిషి ఎనుకకు పడ్తది."

"పడ్డది. పడి, మల్ల లేపింది."

"అయితె నేను గా క్యాలెండర్ దాక లేపుత సూడు," అని పళ్లు బిగబట్టి లేపేది. ఆమె బిడ్డ పక్కన నిలబడి ముఖం తిప్పుకుని నవ్వేది. సిరిసిల్లామె ఒకరోజు మెట్లెక్కింది, ఒకరోజు బస్సెక్కింది, ఒకరోజు కాలు బెణికి ఏడ్చింది. ఆమె ఏడ్చిన రోజు వదిన రెండింతలు కసరత్తు చేసింది. ఏదైనా ఒక అబద్ధం వల్ల నేను ఒకరికి మేలు చేశానంటే అది ఇదే. అందుకే దీన్ని ఇంత పొడుగు రాస్తున్నాను. తర్వాతది రాయడానికి చెయ్యి రావడం లేదు.

కమోడ్ కుర్చీ వెనక సందులోని ఇంటి నుంచి వచ్చింది. వాళ్ల అవ్వకు తుంటి విరిగినప్పుడు కొన్నారట. అది మా వాడకట్టులో ఇల్లిల్లూ తిరిగే కుర్చీ. కొన్ని వారాలకు వదిన నడవడం మొదలుపెట్టింది, లెట్రిన్‌లో సీటు కూడా పెట్టించాం. ఇక బీడీల సంగతి. మామూలు కుర్చీ మీద కూర్చుంటే ఒళ్లోని చాట జారిపోతోంది. తొడలు కిందికి వాలుతాయి, దారపు ఉండ దొర్లిపోతుంది, తంబాకు ఒలికిపోతుంది. స్టూలు వేసి చూశాం, బల్ల వేసి చూశాం. ఒళ్లో చాట లేకపోతే ఆమె వేళ్లు ఆడటం లేదు.

ఆ కుర్చీ చేతుల మధ్య చాట సరిగ్గా ఇరుక్కుని కదలకుండా నిలబడుతుందని కనిపెట్టింది నేనే. కడిగి, ఎండబెట్టి, రంధ్రం మీద పలక కొట్టి, అరుగు మీద ఆమె జాగాలో పెట్టాను. వదిన కూర్చుని, చాట పెట్టుకుని, ఒక బీడీ చుట్టి నాకు చూపింది. ఆ బీడీ చాలా రోజులు నా జేబులో ఉంది.

"సిరిసిల్లామెకు గూడ గిసొంటిది చేసియ్యి," అంది.

అంతా బాగానే ఉందనుకున్నాను. బాగాలేదు. అరుగు మీద వరుసంతా కింద, వదిన ఒక్కతే పైన. చిన్న వయసు కోడళ్లు కింద, పండు ముసలి అవ్వ కింద, ఈమె వాళ్ల తలల ఎత్తున. మాటలన్నీ చాటల ఎత్తులో పోతుంటే ఆమె వంగి వంగి "ఏమన్నవే?" అని అడగాలి. దులిపితే తంబాకు దుమ్ము పక్కామె నెత్తి మీద పడుతుంది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ వదిన రోజూ కుర్చీని కొంచెం కొంచెం వెనక్కి, గోడకు జరుపుకుంటూ వచ్చింది. అది నాకు కనబడింది. "అందరి నెత్తిమీద కూసున్నట్టున్నదిరా" అని ఒకసారి అంది కూడా. నేను విన్నాను. విని, దాన్ని ఎట్లా వాడుకోవాలా అని ఆలోచించాను. నాకు అదే రోగం.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, అరుగంతా నిండి ఉన్నప్పుడు, ఆటోను సరిగ్గా ఎదురుగా ఆపి మైకు తీశాను.

"కోరుట్ల పట్టణ ప్రజలకు విజ్ఞప్తి. మన వాడకట్టు మహారాణి గారు నేటి నుండి సింహాసనం అధిష్ఠించినారు. కావున కింద కూర్చున్న ప్రజలందరూ తల వంచి బీడీలు చుట్టవలెను. సింహాసనానికి నడుమ రంధ్రం కలదు. మహారాణి గారు అటు రాజ్యం, ఇటు ఆ పని, రెండూ ఒక్కచోటనే కానిచ్చెదరు."

సందు చివరిదాకా వినబడింది. ఇండ్లలోంచి జనం బయటికొచ్చారు. అరుగు మీద ఆడవాళ్లు చాటల్లో తలలు పెట్టుకుని నవ్వారు. వదిన కూడా నవ్వింది. నవ్వి, "గా రంధ్రం మూసిన పలక ఊడదీసి నీ నోటికి కొడ్త, ఊరంత సల్లగుంటది," అంది. అందరూ ఇంకా నవ్వారు.

మర్నాడు చూస్తే వదిన కింద కూర్చుని ఉంది. కాళ్లు ముడుచుకుని, వరుసలో, తన పాత జాగాలో.

"వదినె, డాక్టర్ ఏం చెప్పిండు?"

"డాక్టర్ బీడీలు సుట్టడు గద."

"కుర్చీ ఏమైంది?"

"కుర్చీకి ఏమైంది, మంచిగనే ఉన్నది. పో, నీ మేక తప్పిపోయింది, ఎతుకుపో."

నేను బతిమాలాను. ఆమె బిడ్డ బతిమాలింది. అరుగు మీది వాళ్లు కూడా కూర్చో అక్కా, మాకేమి అన్నారు. పైన కూర్చుంటే తంబాకు అందరి మీద పడుతోందని చెప్పింది. ఇంకెవరూ మాట్లాడే వీలు లేకుండా చెప్పింది. వంట చేసేటప్పుడు, టీవీ చూసేటప్పుడు ఆ కుర్చీలోనే కూర్చునేది. చాట ముందుకు మాత్రం మళ్లీ తేలేదు.

కొన్ని నెలలకు మోకాలు వాచింది. ఆ తర్వాతి ఏడాదికి కాలు వంకర తిరిగింది. మళ్లీ జగిత్యాల పోతే, గుజ్జు మొత్తం పోయిందని, బొక్క బొక్కకు రాసుకుంటోందని, ఇక చిప్ప మార్చాల్సిందేనని చెప్పారు. వదినను ఆటోలో కూర్చోబెట్టి నేనొక్కణ్నే లోపలికి పోయి డాక్టరును అడిగాను, కింద కూర్చున్నందుకే ఇట్లా అయిందా అని. ఆయన మంచివాడు. "అదొక్కటే అని చెప్పలేను. వయసున్నది, ముందే అరిగున్నది. కని కొంత గదే," అన్నాడు. ఆ "కొంత" ఎంత అని అడగబోయి ఆగిపోయాను.

రెండో ఆపరేషన్ మీ అన్న వచ్చినాక అంది. అన్న వచ్చాడు, ఈసారి మొత్తానికే వచ్చేశాడు. బిడ్డ కాన్పు కానీ అంది. కాన్పు అయింది. ఎండలు తగ్గనీ అంది. చివరి ఏడాది ఆమె నడక అంతా ఇంట్లోంచి అరుగు దాకా, అరుగు నుంచి ఇంట్లోకి. గోడ పట్టుకుని నడిచేది. తంబాకు అంటిన చెయ్యి కదా, మా ఇంటి సున్నపు గోడ మీద నడుము ఎత్తున, తలుపు నుంచి అరుగు మూల దాకా మట్టిరంగు చార పడింది. అన్న ఇల్లంతా సున్నం వేయించాడు గానీ ఆ చార మీద వేయనియ్యలేదు.

నేను నోటితో కిర్రుమనడం మానేశాను. అది ఆమె గమనించింది. "ఏందిరా, నా తలుపుకు నూనె పోసినవా? సప్పుడే లేదు," అంది ఒకసారి. మరిది ఎకసెక్కమాడకపోతే ఆ ఇంట్లో ఏదో ఉందని అర్థం. ఉందని ఇద్దరికీ తెలుసు.

చనిపోవడానికి కొద్ది రోజుల ముందు అరుగు మూలన కూర్చుని, కాలు చాపుకుని, నన్ను పిలిచింది.

"సిరిసిల్లామె చిప్ప మార్పిచ్చుకున్నదా?"

ఇన్నేళ్లలో మొదటిసారి నాకు అబద్ధం రాలేదు.

"ఆమె లేదు వదినె."

"సచ్చిపోయిందా?"

"కాదు. ఆమె అసలుకే లేదు. నేను పుట్టిచ్చిన."

వదిన చాటలో ఆకు సర్దుకుంది.

"నాకెరుక లేదా? గా దినం ఆటోలనే ఎరుక. సిరిసిల్లకు ఎల్లారెడ్డిపేట కెల్లి ఎవలచ్చినా మా అవ్వగారింటికి తెల్వకుంట ఉంటదా?"

"మరి ఎందుకు అడిగేదానివి రోజు?"

"నువ్వు అచ్చి చెప్తవు గద, గందుకు. ఉండనియ్యిరా ఆమెను. మంచి మనిషి. పెనిమిటి రాకున్నా పాపం కాలు మంచిగ లేపుతుండె."

ధర్మపురిలో ఆమె అస్థికలు కలపడానికి గోదావరి మెట్లు దిగుతుంటే ఒక్కటే తట్టింది. అన్న వచ్చాక అందరం కలిసి ధర్మపురి పోయినప్పుడు ఈ మెట్లు దిగలేక ఆమె పైనే కూర్చుంది. మేం చెంబులో నీళ్లు తెచ్చి నెత్తిన చల్లాం. ఇప్పుడు మా చేతుల్లో తేలికగా దిగిపోయింది.

ఇందులో నేను కల్పించినవి ఏవో చెప్పి ఆపేస్తాను. నోరు ఊరుకోదు, ఎంత వద్దనుకున్నా కొన్ని కలిశాయి.

దుబాయి నన్ను గుర్తుపట్టి తోలేసిందన్న మాట వదినది కాదు, ఎదురింటి అక్కది. ఆ రోజు వదిన నాకు నీళ్లు తోడి, అన్నం పెట్టింది, అంతే. డాక్టరు అంత నింపాదిగా, ఒకే ఊపులో చెప్పలేదు. సగం వదిన బిడ్డకు చెప్పాడు, మిగతా సగం నేను తర్వాత అడిగి తెలుసుకుని ఆయన నోట్లో పెట్టాను. చింతగింజంత గుజ్జు ముక్కను నేను చూడలేదు. సిరిసిల్లామె గురించి వదిన చివర అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉన్నాయి, ఒక్కటి కూడా మార్చలేదు.

పలక ఊడదీసి నోటికి కొడతానన్న మాట నేను కట్టింది. చాలా రోజుల తర్వాత, ఆటో నడుపుతూ, ఆమె ఏమని ఉంటే బాగుండేదో ఆలోచించి ఆలోచించి కట్టాను. ఆమె అనాలనుకుంటే దీనికంటే బాగా అనేది. ఆ రోజు ఏమీ అనలేదు. నవ్వింది అని కూడా రాశాను. నవ్వలేదు.

మర్నాడు కింద కూర్చుంది అని రాశాను. మర్నాడు కాదు. అప్పుడే. నేనింకా మైకులో మాట్లాడుతూనే ఉన్నాను. వదిన ఒళ్లోని చాట తీసి పక్కన పెట్టింది. కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఆపరేషన్ అయిన కాలు ముందుకు చాపి, రెండో కాలి మీద బరువు వేసి, మెల్లగా, చాలా మెల్లగా కిందికి దిగింది. అరుగు మీది ఆడవాళ్లు నవ్వు ఆపుకుంటూనే అటు కొంచెం, ఇటు కొంచెం జరిగి ఆమెకు జాగా ఇచ్చారు. ఆమె కాళ్లు ముడుచుకుని, చాట ఒళ్లోకి లాక్కుని, ఒక ఆకు తీసుకుంది.